మాంసం, పాలు మానినా టిఫిన్ తరువాతి చక్కెర దిగడం లేదు

కూకట్‌పల్లి గృహిణి:
మూడు గంటలుగా రీడింగుల డైరీ ముందేసుకుని కూర్చున్నాను, ఏమీ పాలుపోవడం లేదు. మధుమేహం ఉన్న మావారు రెండు నెలలుగా మాంసం, గుడ్లు, పాలు, పెరుగు అన్నీ మానేశారు. ఉదయం రెండు పెసరట్లు, అల్లం పచ్చడి. మధ్యాహ్నం జొన్న రొట్టె, పప్పు, ఆకుకూర. పరగడుపు చక్కెర 148 నుంచి 121కి దిగింది కానీ, టిఫిన్ అయిన రెండు గంటలకు చూస్తే 220కి తగ్గడం లేదు. లోపం ఎక్కడుంది?

కొర్రల రైతుబిడ్డ:
అమ్మా, అసలు చిక్కంతా పాలిష్ పట్టిన బియ్యంతోనే. తవుడు పోయాక మిగిలేది చాలావరకు పిండి పదార్థమే. కొర్రలు, సామలు, అరికెలు, ఊదలు, అండుకొర్రలు మార్చి మార్చి వండండి. వాటినీ మెత్తగా పిండి పట్టించి జావ కాచారంటే చక్కెర త్వరగానే పెరుగుతుంది, గింజగానే వండాలి.

ల్యాబు మనిషి:
ఆవిడ బియ్యం మాటే ఎత్తలేదు. మందులేమిటి? పచ్చడిలో బెల్లం ఎంత? టీ దేనితో?

విశ్రాంత తెలుగు మాస్టారు:
పాలు, పెరుగు కూడా మానినదాన్ని శాకాహారం అని ఎవరూ పిలవకుండా ఉంటే మేలు. మన వాడుకలో శాకాహారికి పెరుగన్నం నిషిద్ధం కాదు. మొక్కల ఆహారం అంటే సరిపోతుంది.

కూకట్‌పల్లి గృహిణి:
మెట్‌ఫార్మిన్ రెండు పూటలా, ఉదయం గ్లిమెపిరైడ్. బెల్లం ఇంటిల్లిపాదికీ కలిపి ఉసిరికాయంత. టీ మాత్రం దుకాణంలో కొన్న ఓట్స్ పాలతో. ఎనిమిదిన్నరకు టిఫిన్‌తో ఒకటి, పదింటికి పెద్ద గ్లాసుతో ఇంకొకటి. చక్కెర కలపలేదని డబ్బా మీదే ఉంది కాబట్టి ఇందాక రాయలేదు.

ల్యాబు మనిషి:
దొరికింది. ఓట్స్‌ను ఎంజైములతో పలచన చేసేటప్పుడు అందులోని పిండి పదార్థం కొంత మాల్టోజ్ అనే చక్కెరగా మారుతుంది. పైనుంచి కలపకపోయినా లోపల ఉంటుంది. పైగా పదింటికి తాగి పదిన్నరకు పరీక్ష చేస్తే ఆ అంకె పెసరట్టు ఒక్కదానిదే కాదు, టీది కూడా. మొదటి ముద్ద నుంచి రెండు గంటలు లెక్కపెట్టండి, ఆ మధ్యలో ఏమీ తీసుకోవద్దు.

పోషకాహార విద్యార్థిని:
ఆహారం మార్చడం వృథా కాదండి. 2006లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో టైప్ 2 మధుమేహం ఉన్న 99 మందిని 22 వారాలు పరిశీలించారు. మందులు మార్చనివారిలో, కొవ్వు తక్కువున్న మొక్కల ఆహారం తిన్న వర్గానికి హెచ్‌బీఏ1సీ, అంటే రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే అంకె, సగటున 1.23 శాతం పాయింట్లు తగ్గగా, మామూలు మధుమేహ ఆహారం తిన్నవారికి 0.38 తగ్గింది. అయితే మొక్కల్లో బి12 విటమిన్ దొరకదు, మెట్‌ఫార్మిన్ దాన్ని ఒంటికి సరిగా పట్టనివ్వదు. అరికాళ్లలో తిమ్మిర్లు వచ్చేదాకా ఆగకుండా బి12 పరీక్ష చేయించండి. పిండి పదార్థం తగ్గించి గ్లిమెపిరైడ్ అదే మోతాదులో వేసుకుంటే చక్కెర మరీ పడిపోయే ప్రమాదమూ ఉంది. చెమటలు, వణుకు కనిపిస్తే అప్పటికప్పుడు చక్కెర నీళ్లు ఇచ్చి డాక్టరుగారికి చెప్పండి, మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు.

కొర్రల రైతుబిడ్డ:
ఓట్స్ ఎందుకండీ, మన కొర్రలు ఉండగా?

కూకట్‌పల్లి గృహిణి:
ఈరోజు నల్ల టీ ఇచ్చాను, 174 వచ్చింది. ఆయన ముఖం చూడలేకపోతున్నాను. ధన్యవాదాలండి.

విశ్రాంత తెలుగు మాస్టారు:
నల్ల టీ కన్నా డికాక్షన్ అనే మాటే మన ఇళ్లలో పాతది.