థాయ్ హోటల్లో ‘మాంగ్సవిరత్’ అంటే మన మాంసవిరతేనా?

బ్యాంకాక్ వెళ్లొచ్చామండీ, అమ్మ పూర్తి శాకాహారి కాబట్టి హోటల్లో ‘మాంగ్సవిరత్’ అని చెప్పమని అక్కడుండే మా తమ్ముడు నేర్పించాడు. రెండుసార్లు అనుకునేసరికి నాకు ఒళ్లు పులకరించింది, ఇది మాంసవిరతి కదా, మనం విరమించు అంటామే ఆ విరతే! రాసేటప్పుడు చివర ‘తి’ ఉంటుందట, పలికేటప్పుడు మాత్రం ఇ పోయి ‘త్’ దగ్గరే ఆగిపోతారు. తిండిని ‘ఆహాన్’ అంటారు, రాత చూస్తే ఆహార, చివరి ర వాళ్ల నోట్లో న అయిపోతుంది. సువర్ణభూమి ఎయిర్‌పోర్టు కూడా పలుకుబడిలో సువన్నఫూమ్.

కానీ ఒకచోట ఆ మాట చెప్పి కూరగాయల వేపుడు తెప్పిస్తే చేప వాసన. ముక్క లేదు, గుడ్డూ లేదు, ఉన్నదల్లా నామ్ ప్లా, అంటే ఉప్పులో ఊరబెట్టిన చేపల రసం. నామ్ అంటే నీళ్లు, ప్లా అంటే చేప. మనం ఉప్పు వేసినట్టు వేసేస్తారు, వాళ్ల లెక్కలో అది మాంసం కిందకి రాలేదు. అమ్మ ఆ పూట పండ్లతోనే సరిపెట్టుకుంది, నాకు ఇప్పటికీ బాధే. ఇంకా గట్టి మాట ఏదైనా ఉందా?

జవాబు: ఉందండీ, ‘జే’. ఇది సంస్కృతం కాదు, చైనా వాళ్లతో వచ్చిన మాట. ‘కిన్ జే’ అంటే జే తింటాను అని, అందులో చేపరసం, గుడ్డు, పాలు ఏవీ ఉండవు, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు, కార్తీకమాసంలో మనిళ్లల్లో వంట గుర్తొస్తుంది. జే దొరికే చోట పసుపు జెండా మీద ‘జే’ అని ఎర్ర థాయ్ అక్షరాలుంటాయి, చూడ్డానికి మనం మామూలుగా రాసే 17 లాగే ఉంటుంది. సెప్టెంబర్, అక్టోబర్ల్లో 9 రోజుల జే పండగప్పుడు బ్యాంకాక్ చైనాటౌన్ యావరాత్‌లో, ఫుకెట్ దీవిలో వీధంతా ఆ జెండాలే. మామూలు హోటల్ అయితే ‘మై సై నామ్ ప్లా’ అనండి, నామ్ ప్లా వెయ్యొద్దు అని. ‘మై సై కపి’ కూడా కలపండి, కపి అంటే రొయ్యల ముద్ద, కూరలకి నూరే కారంలోనే ఉంటుంది కాబట్టి ముక్కలు తీసేసినా పోదు.

జవాబు: కారం సంగతి నేను చెప్తా. ‘మై ఫెట్’ అంటే కారం వద్దని. ఈ ఫ ఫ్యాన్‌లో ఫ కాదు, ప కింద ఒత్తు, పాతకాలం మాస్టార్లు ఫలం అని పలికించేవారే అది. ఒత్తు పోయి పెట్ అయితే బాతు! ఫుకెట్‌లోనూ అదే ఒత్తు.

అయ్యో ఇన్నాళ్లూ ఫుకెట్‌ని తప్పే పలికా, థాంక్సండీ. ఇంకోటి, అక్కడ ‘కిన్ ఖావ్ రు యాంగ్’ అని పలకరిస్తారు, ఖావ్ అంటే అన్నం, అచ్చంగా మన ‘అన్నం తిన్నావా’యే. అమ్మకి ఆ ఒక్క మాట బాగా నచ్చింది, ఇప్పుడు రోజూ మా తమ్ముడికి ఫోన్లో అదే అంటోంది.