అప్‌డేట్: నాన్నగారి క్యాన్సర్ ట్రయల్ విషయం తేలింది

ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న మా నాన్నగారిని కొత్త మందు మూడో దశ ట్రయల్‌లో చేర్చమంటున్నారని, అసలు మందు ఇవ్వకుండా ఉత్తుత్తి మాత్రతో సరిపెడతారేమోనని భయంగా ఉందని రెండు నెలల క్రితం అమలాపురం నుంచి ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

అన్నిటికన్నా ఉపయోగపడింది ట్రయల్ సీటీఆర్‌ఐ (ట్రయల్స్ వివరాలు అందరికీ కనిపించే ఆన్‌లైన్ రిజిస్ట్రీ) నంబరు అడగమన్న సలహా. మన దేశంలో 2009 జూన్ 15 నుంచి ట్రయల్స్‌ను అందులో ముందుగా నమోదు చేయడం తప్పనిసరి కాబట్టి, ఆ నంబరుతో వెతికితే ఎవరిని చేర్చుకుంటారో, ఎవరికి ఏమిస్తారో అంతా కనిపించింది. ఒక వర్గానికి మామూలు కీమో, మరో వర్గానికి అదే కీమోతో పాటు కొత్త మందు. నా భయం అనవసరమన్నమాట. తెలుగు అంగీకార పత్రం కూడా అడిగి తెచ్చుకున్నాం. నాన్నగారు అరుగు మీద కూర్చుని, పెన్సిలుతో గీతలు గీసుకుంటూ రెండు రోజులు చదివి, "ఎప్పుడైనా మానుకోవచ్చట, కానీ కొబ్బరి దింపు రోజుల్లో రమ్మంటే ఎలా?" అన్నారు.

చివరకు స్క్రీనింగ్‌లోనే, అంటే చేర్చుకునే ముందు చేసే పరీక్షల్లోనే ఆగిపోయింది. రక్తపరీక్షలో మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఆ ట్రయల్ పెట్టుకున్న హద్దు దాటింది. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి కొత్త మందు హాని చేయకూడదనే ఆ నియమమని డాక్టరుగారు వివరించారు. వయసు 67 కదా, తీసుకోరేమో అని నేను పడ్డ బెంగకూ, ట్రయల్‌లో హాని జరిగితే ఇచ్చే నష్టపరిహారం గురించి ఇక్కడ సాగిన చర్చకూ మా విషయంలో సంబంధమే లేకపోయింది. మూత్రపిండాలకు తగినట్టు మందులు మార్చి, మామూలు కీమోను గత మంగళవారం మొదలుపెట్టారు.