మౌంట్‌ని తెలుగులో ఏమందాం: ఎక్కించడమా, తగిలించడమా?

అందరికీ నమస్కారం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో శాసనాల ఫొటోలు తీస్తున్న మా బృందానికి ఆర్‌క్లోన్ (క్లౌడులోని ఫైళ్లతో పనిచేయడానికి వాడే ప్రోగ్రాము) వాడకం మీద తెలుగులో సూచనలు రాస్తున్నాను. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లో అచ్చు వేయించిన నెల్లూరు జిల్లా శాసనాల మూడు సంపుటాల స్కాన్లూ, మేం తీసిన ఫొటోలూ క్లౌడులో ఉన్నాయి. కనిగిరి, పొదిలి అప్పట్లో నెల్లూరు జిల్లాలోవే కదా, అందుకని రెండు జిల్లాల వాళ్లకీ అవే ఫైళ్లు కావాలి. క్లౌడులో ఉన్నవాటిని మన కంప్యూటర్లో మామూలు ఫోల్డరులా తెరుచుకునే పనిని మౌంట్ అంటారు.

బృందంలో కొందరు దీన్ని "ఎక్కించు" అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. లారీకి బస్తాలు ఎక్కిస్తాం, రోగికి సెలైన్ ఎక్కిస్తాం, ఫోన్లోంచి ఫొటోలు ఎక్కిస్తాం. ప్రతిచోటా వస్తువు ఇక్కణ్ణుంచి అక్కడికి కదులుతుంది. మౌంట్‌లో ఫైళ్లు ఉన్నచోటే ఉంటాయి, మనకు దారి మాత్రమే ఏర్పడుతుంది. "ఎక్కించండి" అని చదివితే కొత్తవాళ్లు అప్‌లోడ్ అనుకుంటారు. అందుకే "తగిలించు" అందామని నా ప్రతిపాదన. మీరేమంటారు?

జవాబు, కందుకూరు నుంచి:
అన్నా, చరిత్ర చూస్తే "ఎక్కించు" తప్పేం కాదు. పాత పెద్ద కంప్యూటర్ల కాలంలో ఆపరేటర్ డేటా ఉన్న టేపు రీలును చేత్తో డ్రైవుకు ఎక్కించేవాడు, దాన్నే మౌంట్ అనేవారు. 1971 నాటి యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మాన్యువల్లోనే మౌంట్ ఆదేశం ఉంది. పైగా "తగిలించు" అంటే ఇష్టం లేనిది అంటగట్టడం అనే అర్థం కూడా ఉంది, చూసుకోండి.

జవాబు, కావలి నుంచి:
అంటగట్టే అర్థం మనుషుల విషయంలోనే వస్తుంది తమ్ముడూ. గొళ్లేనికి తాళం తగిలించమంటే ఎవరూ తప్పుగా అనుకోరు. నా అనుమానం అన్‌మౌంట్ గురించి, అంటే మౌంట్ చేసినదాన్ని మళ్లీ వదిలించడం గురించి. దాన్ని "తీసేయండి" అంటే డిలీట్ అనుకుని ఫైళ్లే చెరిపేస్తారు! "విడదీయండి" అని రాస్తే మేలు.

మొదట రాసినవాడి జవాబు:
అక్కా, నిజం. "తీసేయి" నాకు తట్టనే లేదు, "విడదీయి" ఖాయం చేస్తున్నా. తమ్ముడూ, రీలు ఎక్కించిన మాట వాస్తవమే, కానీ ఇప్పుడు చేతికి రీలు లేదు. ఇంకో సంగతీ ఉంది. ఆర్‌క్లోన్‌లో వీఎఫ్‌ఎస్ క్యాష్ మోడ్ అని, మౌంట్‌లోని ఫైళ్లను మన డిస్కులో తాత్కాలికంగా ఉంచే ఆప్షన్ ఒకటుంది. దాన్ని "ఫుల్" అని పెడితే, మనం మార్చిన ఫైలు ముందు మన డిస్కులో నిలుస్తుంది. ఫైలు మూశాక, మామూలు సెట్టింగులో 5 సెకన్లు ఆగి అప్పుడు అప్‌లోడ్ మొదలవుతుంది. ఈ ఆప్షన్ లేకపోతే చాలా ప్రోగ్రాములు మౌంట్‌లోని ఫైలును నేరుగా మార్చలేవు. "ఎక్కించు"ను మౌంట్‌కి ఖర్చు చేసేస్తే ఈ అప్‌లోడ్‌కి ఏ మాట వాడాలి? క్యాష్ అని తెలుగులో రాస్తే డబ్బులా చదువుతారు కాబట్టి దాన్ని "తాత్కాలిక నిల్వ" అంటున్నా.

సూచన ఇలా మారుస్తున్నా: "శాసనాల ఫోల్డరును తగిలించుకోండి. మీరు మార్చిన ఫైళ్లు ముందు తాత్కాలిక నిల్వలో ఉంటాయి. అవి క్లౌడుకు ఎక్కడం పూర్తయ్యాకే ఫోల్డరును విడదీయండి."