ఆదివారం పొద్దున ట్రంకు రోడ్డు నడిచేవాళ్లకు వదిలేద్దామా?

మూలాపేట వాసి:
నెల్లూరులో గాంధీబొమ్మ నుంచి వీఆర్సీ సెంటర్ దాకా ఆదివారం ఆరు నుంచి తొమ్మిది వరకు వాహనాలు ఆపేద్దాం. పిల్లలు సైకిళ్లు తొక్కుకుంటారు, పెద్దవాళ్లు భయం లేకుండా నడుస్తారు. కొలంబియాలోని బొగోటాలో 1974 నుంచి ఆదివారాలు ఇలాగే చేస్తున్నారు. మన గుర్గావ్‌లో 2013లో మొదలుపెట్టారు. కార్పొరేషన్‌కు అర్జీ రాస్తున్నా, మద్దతివ్వండి. ఆ మూడు గంటలు తోపుడు బండ్లు కూడా తీసేస్తే రోడ్డు శుభ్రంగా ఉంటుంది.

ట్రంకురోడ్డు షాపు:
నేను ఒప్పుకోను. నా సరుకు లారీ తెల్లవారాకే వస్తుంది, ఎక్కడ దించుకోవాలి? ఆమధ్య మా ముందర రోడ్డు తవ్వి నెలల తరబడి పూడ్చలేదు. బేరాలు పోయాయి, అడిగిన దిక్కు లేదు. ఇప్పుడు మళ్లీ మూస్తారా?

రామలింగాపురం:
మరి అంబులెన్సు?

మూలాపేట వాసి:
బారికేడు జరిపి వదులుతారు. లారీ ఐదింటికే తెప్పించుకోండి.

ట్రంకురోడ్డు షాపు:
హమాలీలు ఐదింటికి వస్తారా సామీ? మీరొచ్చి దించుతారా?

దోసెల బండి:
అందరూ లారీ దగ్గరే ఆగిపోయారు. బండ్లు తీసేయమన్న మాట ఎవరికీ కనపడలేదా? మా అమ్మ బండి అక్కడే. ఆదివారం పొద్దుటి బేరమే మాకు వారం ఖర్చు. బొగోటాలో రోడ్డు మూసినా పండ్లరసాలు అమ్మేవాళ్లు ఉంటారు. అది మాత్రం వదిలేశారే!

మూలాపేట వాసి:
ఒక బండి దగ్గర పారబోసిన నీళ్లలో జారి మా నాయన కాలు విరిగింది. రెండేళ్లయినా సరిగ్గా నడవలేకపోతున్నాడు. ఆయన కోసమే అడుగుతున్నా.

దోసెల బండి:
మీ నాయన పడ్డందుకు నాకూ బాధే అన్నా. నీళ్లు పారబోయడానికి చోటు అడగండి, సంతకం పెడతా. మమ్మల్నే తీసేయమంటే ఎట్లా? వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. సర్వే చేసి, సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఖాళీ చేయించకూడదని అందులో రాసుంది.

చిన్నబజారు కోడలు:
మాకు రోజూ నడకే. ఫుట్‌పాత్ మీదికి షాపుల మెట్లు, ఆ పక్కనే మోటార్‌సైకిళ్లు. పిల్లను పట్టుకుని లారీల మధ్య పోతున్నా. బండివాళ్లు కాదు నాకు అడ్డం.

ట్రంకురోడ్డు షాపు:
మెట్లు మా తాతల నాటివి. పన్ను కట్టేది మేము.

చిన్నబజారు కోడలు:
పన్ను కడితే ఫుట్‌పాత్ మీ సొంతమవుతుందా?

మూలాపేట వాసి:
మెట్ల సంగతి అర్జీలో చేరుస్తా. బండ్ల మాట మాత్రం తీయను.

దోసెల బండి:
అయితే మా సంతకాలు రావు. వీధి వ్యాపారుల సంగతులు చూసే టౌన్ వెండింగ్ కమిటీలో నూటికి కనీసం 40 మంది మావాళ్లు ఉండాలని అదే చట్టంలో ఉంది. ఆ కమిటీలో కూర్చోబెట్టి అడగండి, ఆదివారం ఎక్కడ నిలబడాలో మేమే చెప్తాం.