రొమ్ము ఆపరేషన్ తర్వాత మా అత్తగారికి రాత్రిళ్ళు నిద్ర లేదు, మాత్ర వెయ్యొచ్చా?

రాయగడ_కోడలు:
మాది రాయగడ. మా అత్తగారికి 54 ఏళ్ళు. విశాఖలో కుడి రొమ్ము తీసేశారు, చంకలో గడ్డలు కూడా తీశారు. ఇంటికొచ్చాక రెండో వారం నడుస్తోంది. గాయంలో ఊరే నీటిని బయటికి లాగే గొట్టం, దాని సంచీ (డ్రెయిన్) ఒకటి ఇంకా ఉంది, రోజుకి 60–70 మి.లీ. దాకా వస్తోంది. రాత్రి తొమ్మిదిన్నరకి పక్క మీదకి చేరతారు, పదిన్నరకి కన్ను అంటుకుంటుంది, ఒంటిగంటకల్లా మెలకువ. ఇంక తెల్లారేదాకా అంతే. మధ్యాహ్నం భోజనం అయ్యాక మాత్రం రెండు మూడు గంటలు పడుకుంటున్నారు. పారాసిటమాల్ 650 పొద్దున 8, మధ్యాహ్నం 2, రాత్రి 8కి వేస్తున్నాం. పడుకునేది నవారు మంచం మీద. బయాప్సీ రిపోర్టు ఇంకా రాలేదు. మందుల షాపులో నిద్రకి అల్ప్రాజోలమ్ అనే మత్తు మందు అర మాత్ర వేసి చూడమంటున్నారు. వెయ్యొచ్చా? డాక్టరు మళ్ళీ రమ్మన్నది వచ్చే వారం.

బరంపురం_నర్సమ్మ:
చెల్లీ, మాత్ర సంగతి తర్వాత చూద్దాం. ఒంటిగంటకి మెలకువ అన్నావు చూడు, అక్కడుంది అసలు సంగతి. పారాసిటమాల్ పనిచేసేది 4 నుంచి 6 గంటలు. ఎనిమిదింటికి వేస్తే పన్నెండు, రెండు మధ్యలో దాని బలం అయిపోతుంది. నిద్ర రాకపోవడం వేరు, వచ్చిన నిద్రని నొప్పి లేపడం వేరు. ఈసారి లేచినప్పుడు ఎక్కడ ఎలా ఉందో అడుగు. "నొప్పేం లేదు, గుంజుతోందంతే" అంటారు పెద్దవాళ్ళు. ఆ గుంజుడే నొప్పి.

వేళలు ఇలా జరుపు: పొద్దున 7, మధ్యాహ్నం 2, రాత్రి తొమ్మిదిన్నర. మాత్రకీ మాత్రకీ 6 గంటల ఎడం తగ్గకూడదు. తెల్లవారుజామున మూడున్నర దాటాక మళ్ళీ నొప్పి లేపితే నాలుగో మాత్ర వెయ్యొచ్చేమో డాక్టర్ని ఫోన్లో అడుగు. వేస్తే పొద్దున 7 మాత్రని కూడా ఆ ఎడం ప్రకారమే జరపాలి. లివర్ జబ్బున్నా, బరువు 50 కిలోల లోపున్నా తప్పకుండా అడగాలి.

ఒకవేళ చంకలోంచి మోచేతి లోపలి వైపుకి మంట, కరెంటు కొట్టినట్టు జిల్లుమనడం, రవిక తగిలినా ఓర్చుకోలేకపోవడం ఉంటే అది నరం నొప్పి. చంకలో గడ్డలు తీసేటప్పుడు అక్కడి చర్మానికి స్పర్శనిచ్చే నరం దెబ్బ తినొచ్చు. దీనికి పారాసిటమాల్ అంతగా ఆనదు. గాబాపెంటిన్ లాంటివి డాక్టరు రాస్తారు, అవి రాత్రి మగతనీ ఇస్తాయి. కాబట్టి "నిద్ర పట్టట్లేదు" అని ఊరుకోకుండా "మంటకి లేస్తున్నారు" అని చెప్పు. ఆ ఒక్క మాటతో మందు మారిపోతుంది.

ఇక మంచం. నవారు మధ్యలో దిగిపోతుంది, భుజాలు ముందుకి ముడుచుకుంటాయి, చెయ్యి ఆసరా లేక వేలాడుతుంది. చెక్క మంచం చూడండి. నేల మీద పక్క వద్దు, లేవాలంటే చెయ్యి ఆనించక తప్పదు. వీపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తుగా ఉండాలి. నడుం నుంచి భుజాల దాకా 60 సెం.మీ. అనుకుంటే భుజాల కింద 30 నుంచి 40 సెం.మీ. ఎత్తన్నమాట. దిండ్లు ఒకదాని మీద ఒకటి పేరిస్తే అర్ధరాత్రికి జారిపోతాయి. ప్లాస్టిక్ కుర్చీని మంచం తలవైపు బోర్లా తిరగేసి, దాని వీపు ఏటవాలుగా వచ్చేలా గోడకి ఆనించి, మీద బొంత మడిచి వెయ్యండి. కుర్చీ కదలకుండా మంచం కోళ్ళకి కట్టెయ్యాలి. మోకాళ్ళ కింద ఒక దిండు, లేకపోతే మనిషి కిందికి జారి మెడ వంగిపోతుంది.

కుడి మోచెయ్యి నుంచి వేళ్ళ దాకా ఒక దిండు మీద ఉండాలి, అరచెయ్యి గుండె కంటే కాస్త ఎత్తులో. చంక దగ్గర చెయ్యి ఒంటికి రాసుకోకుండా బూరుగు దూదితో జానెడు మెత్త కుట్టి పెట్టండి, గట్టిగా కూరొద్దు. డాక్టరు సరేనంటే ఎడమవైపు తిరిగి పడుకోవచ్చు. అప్పుడు ముందు ఒక దిండు కౌగిలించుకుని కుడి చెయ్యి దాని మీద వేస్తారు, వీపు వెనక ఇంకోటి ఆసరా. లేచేటప్పుడు మోకాళ్ళు మడిచి, ఎడమ పక్కకి దొర్లి, ఎడమ మోచేత్తో లేవాలి.

డ్రెయిన్ పడుకునే ముందే ఖాళీ చేసి, కొలత రాసి, మళ్ళీ గాలి తీసేసి నొక్కి మూత పెట్టాలి. అది ఉబ్బిపోయి ఉంటే లాగడం మానేసిందని అర్థం. నీరు లోపలే నిలిచి ఛాతీ బిగుసుకుపోతుంది, ఆ బిగువుకి కూడా మెలకువ వస్తుంది. గొట్టంలో రక్తం గడ్డ కనిపిస్తే చర్మం దగ్గర ఒక చేత్తో గట్టిగా పట్టుకుని, రెండో చేతి వేళ్ళతో సంచీ వైపుకి నెమ్మదిగా పిండుకుంటూ పోవాలి. గొట్టానికి జానెడు వదులు ఉంచి, సంచీకున్న రింగులోంచి పిన్నీసు నైటీకి పెట్టండి, గొట్టానికి గుచ్చుకోకూడదు. బాత్రూంకి లేవడానికి ఎడమ పక్కకి దొర్లే ముందు గొట్టం ఒంటి కింద పడకుండా చూసుకోవాలి. మామూలుగా 24 గంటల్లో 30 మి.లీ. లోపు, వరసగా రెండు రోజులు వస్తే తీసేస్తారు. అది తీసిన రాత్రి నుంచి చాలామందికి నిద్ర సగం దారిలో పడుతుంది.

పర్లాకిమిడి_ఫార్మసిస్ట్:
అల్ప్రాజోలమ్ షెడ్యూల్ హెచ్1 మందు. చీటీ లేకుండా ఇవ్వకూడదు, ఇచ్చినదానికి రిజిస్టరులో రాసుకోవాలి. రూలు సంగతి అటుంచితే, డిశ్చార్జి కాగితంలో ట్రమడాల్ (బలమైన నొప్పి మందు) ఉందేమో ముందు చూడండి. ఈ రెండూ కలిస్తే ఊపిరి మందగిస్తుంది. ట్రమడాల్ లేకపోయినా, మత్తులో బాత్రూంకి లేచి తూలిపడితే ఆనుకునేది ఏ చేతి మీదో చెప్పలేం. పైగా రోజూ వేస్తే కొన్ని వారాల్లోనే అలవాటైపోతుంది, ఆపిన రాత్రి మునుపటి కంటే తక్కువ నిద్ర. డాక్టరే రాస్తే ఎన్ని రోజులు, ఎలా ఆపాలి అని కూడా రాయించుకోండి. జలుబు మాత్రతో నిద్రపుచ్చడమూ అంతే. నోరు ఎండిపోతుంది, పొద్దున దాకా మబ్బు దిగదు.

ఇంకో తికమక ఉంది. నొప్పి మాత్రల్లో చాలావాటిలో పారాసిటమాల్ కలిసే ఉంటుంది. ఎసిక్లోఫెనాక్ జోడింపుల్లో 325, ట్రమడాల్ జోడింపుల్లో కూడా 325. విడిగా 650 వేస్తూ ఇవీ వేస్తే రెండూ కలిపి లెక్కెయ్యాలి. వాంతులకి మెటోక్లోప్రమైడ్ రాసి ఉంటే, కాళ్ళు నిలవక లేచి తిరగాలనిపించడం దాని వల్ల కావచ్చు. ఆ మాట డాక్టరుకి చెబితే మార్చేస్తారు.

ఎవరూ అడగనిది అడుగుతున్నా, ఏమనుకోకండి. అత్తగారికి గుడాఖు (పళ్ళకి రుద్దే పొగాకు ముద్ద), జర్దా, చుట్ట, ఏదైనా అలవాటుందా? పళ్ళు తోముకునేదే కదా అని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అందులో ఉన్నది నికోటినే. పడుకునే ముందు వాడితే నిద్ర రానివ్వదు, గాయానికి రక్తం అందనివ్వదు. టీ కూడా చూడండి. సాయంత్రం అయిదింటి టీలో కెఫీన్ దాదాపు సగం రాత్రి పదికి ఇంకా ఒంట్లోనే ఉంటుంది. ఆఖరి టీ మధ్యాహ్నం రెండు గంటల లోపే.

జయపురం_పెద్దమ్మ:
అమ్మాయ్, గోరువెచ్చని పాలల్లో జాజికాయ అరగదీసి ఇవ్వు. అశ్వగంధ కూడా మంచిదే.

పర్లాకిమిడి_ఫార్మసిస్ట్:
పెద్దమ్మగారూ, పాలు మంచివే. జాజికాయ చిటికెడైతే పరవాలేదు, నిద్ర రాలేదని పెంచుకుంటూ పోవద్దు. 5 గ్రాములు, అంటే ఒక కాయంత, విషమే. గుండె దడ, భ్రమలు వస్తాయి. అశ్వగంధతో లివర్ దెబ్బతిన్న కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. ముందుముందు కీమో (క్యాన్సర్ మందులు ఎక్కించడం) ఉండొచ్చు కాబట్టి ఇప్పుడు వద్దు.

విజయనగరం_నిద్ర_కౌన్సెలర్:
నొప్పి, డ్రెయిన్ సర్దుకున్నాక కూడా కొందరికి నిద్ర రాదు. కారణం పోయినా అలవాటు మిగిలిపోతుంది. రాత్రి పోయింది కదా అని పగలు మూడు గంటలు పడుకుంటారు, పగలు పడుకున్నందుకు రాత్రి పోతుంది. దీన్ని ఇప్పుడే ఆపాలి.

పగటి కునుకు అరగంట, అదీ మధ్యాహ్నం మూడు లోపు. అలారం పెట్టండి. తొమ్మిదిన్నరకే పక్క ఎక్కించకండి, పదిన్నర దాకా కూర్చోనివ్వండి. నిద్ర ఎంత పట్టినా లేచే టైము ఒక్కటే, అయిదున్నర అంటే రోజూ అయిదున్నర. లేచాక వాకిట్లో వెలుతురులో ఇరవై నిమిషాలు నడక. మెలకువ వచ్చి ఇరవై నిమిషాలకి (గడియారం చూడొద్దు, అంచనాగా) మళ్ళీ పట్టకపోతే పక్క దిగాలి. ఆవిడకి ఒక్కరే లేవడం కష్టం కనుక మంచం పక్కనే చేతులున్న కుర్చీ, చెయ్యి పెట్టుకోవడానికి దిండు ముందే సిద్ధం చెయ్యండి. చిన్న లైటు, ఫోను లేదు. కళ్ళు వాలితేనే మళ్ళీ పక్క.

పడుకునే గంటలు బిగించే పద్ధతి ఇంకొకటి ఉంది. అది గాయం మానాక, నిద్ర లెక్క ఒక వారం రాసి, తెలిసినవాళ్ళ పర్యవేక్షణలో చెయ్యాలి. ఎన్ని గంటలు నిజంగా పడుతోందో దానికి అరగంట కలిపి అంతసేపే పక్క మీద ఉంచుతాం, అయిదున్నర గంటల కంటే తగ్గించం. పక్క మీదున్న సమయంలో 85 శాతం నిద్రే అయితే వారానికి 15 నిమిషాలు పెంచుతాం. కొత్తగా ఆపరేషన్ అయినవాళ్ళకి ఇది పెట్టకూడదు, మూర్ఛ జబ్బున్నవాళ్ళకి కూడా.

రిపోర్టు రాలేదన్నారు. నా లెక్కలో నొప్పి తర్వాత పెద్ద దొంగ అదే. ఎప్పుడు వస్తుందో తేదీ అడిగి ఆవిడకే చెప్పండి, ఇంట్లోవాళ్ళ గుసగుసలు ఆవిడకి వినపడుతూనే ఉంటాయి. సాయంత్రం ఆరుకి పావుగంట కూర్చోబెట్టి భయాలన్నీ చెప్పనిచ్చి మీరు రాయండి. డాక్టర్ని అడగాల్సినవి ఒక పేజీ, మన చేతిలో లేనివి ఇంకో పేజీ. రాత్రి మళ్ళీ గుర్తొస్తే "పుస్తకంలో ఉంది" అంటే చాలు. పలకరించడానికి వచ్చేవాళ్ళని ఏడు తర్వాత రానివ్వకండి. వచ్చి ఎవరికి ఏమైందో కథలు చెప్పి పోతారు, ఆ కథలతో ఆవిడ రాత్రంతా గడపాలి. బతకాలని లేదు అన్న మాట ఆవిడ నోట వస్తే మానసిక సాయం అందించే ఫోను లైను టెలిమానస్ 14416కి చెయ్యండి. ఉచితం, 24 గంటలూ, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు.

రాయగడ_కోడలు:
గుడాఖు ఉందండి, రాత్రి పడుకునే ముందు కూడా. ట్రమడాల్ లేదు, చూశాను. ఇంకో రెండు అడగాలి. కీమో మొదలైతే నిద్ర ఇంకా పోతుందంటున్నారు, నిజమేనా? దోమల కాయిల్ పొగకి దగ్గొచ్చి కుట్ల దగ్గర పట్టేస్తోంది, ఏం చెయ్యాలి?

బరంపురం_నర్సమ్మ:
కీమో రోజుల్లో నిద్ర పోగొట్టేది ఎక్కువగా డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్. వాంతులు రాకుండా, ఎలర్జీ రాకుండా ఇస్తారు. ఇంటికిచ్చే మాత్రలు పొద్దున టిఫిన్ తర్వాత, రెండు పూటలైతే రెండోది మధ్యాహ్నం లోపు వెయ్యొచ్చా అని అడిగి చీటీ మీదే టైము రాయించుకో. కొన్ని కీమో మందులకి ముందు రాత్రే వెయ్యమంటారు, అది మాత్రం మీ అంతట మీరు జరపొద్దు. స్టెరాయిడ్ ఆగిన ఒకటి రెండు రోజుల్లో నిద్ర తిరిగొస్తుంది, దానికోసం కొత్త మాత్ర మొదలెట్టక్కర్లేదు.

తర్వాత టామాక్సిఫెన్, లెట్రోజోల్ లాంటి హార్మోను మాత్ర ఇస్తే రాత్రి వేడి ఆవిర్లు, చెమటలు రావొచ్చు. ఒక్క మందపాటి దుప్పటికి బదులు రెండు పలచటివి, మార్చుకోవడానికి నైటీ అందుబాటులో ఉంచు. మాత్ర పొద్దుటికి మార్చొచ్చా అని అడగొచ్చు. టామాక్సిఫెన్ వాడేవాళ్ళకి దిగులుకని ఫ్లూఆక్సెటిన్, పారాక్సెటిన్ ఇస్తే టామాక్సిఫెన్ పని తగ్గుతుంది. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్తే పాత చీటీ తీసుకెళ్ళడం మరవొద్దు.

కాయిల్ తీసేసి దోమతెర కట్టండి. వీపు ఎత్తుగా ఉంటుంది కాబట్టి తెర తలవైపు ఎత్తుగా, ముఖానికి తగలకుండా రావాలి. అంచులు పరుపు కింద దోపేటప్పుడు డ్రెయిన్ గొట్టం వాటితోపాటు లోపలికి పోతుంటుంది, చూసుకోండి. ఫ్యాను తెర బయట నుంచి కాళ్ళవైపు. కుడి చేతికి మోచేతి కిందిదాకా వదులుగా నూలు రవిక వెయ్యండి. చంకలో గడ్డలు తీసిన చేతికి దోమకాటు గోకుడు పుండైతే ఇన్ఫెక్షన్ త్వరగా పాకుతుంది, చెయ్యి వాచిపోతుంది.

మలేరియా ఉన్న జిల్లా కాబట్టి జ్వరం వస్తే ముందు దోమ గుర్తొస్తుంది మనకి. థర్మామీటరు 100.4 దాటితే, కీమో మొదలయ్యాక మరీ, మలేరియా రక్త పరీక్ష ఒక్కటే చేయించి ఊరుకోకండి. అదే రోజు, రాత్రైనా సరే, దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి "రొమ్ము ఆపరేషన్ అయింది" అని, కీమో మొదలై ఉంటే అదీ, మొదటి మాటగా చెప్పండి. డ్రెయిన్‌లో ఎర్రటి రక్తం గబగబా నిండినా, కుట్ల చుట్టూ ఎర్రబడి వేడిగా ఉన్నా, పిక్క ఒకటే వాచినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా అంతే. వచ్చే వారం దాకా ఆగొద్దు.