కందుకూరు చెల్లెమ్మ ప్రశ్నకు జవాబులు: నెదర్లాండ్స్‌లో కాగ్నిటివ్ న్యూరోసైన్స్ ఎమ్మెస్సీ

ప్రశ్న (కందుకూరు, కొత్తగా నైమేగెన్)

అందరికీ నమస్కారం. ఒంగోలులో ఈసీఈ బీటెక్ చదివి, ఈ సెప్టెంబరులో నైమేగెన్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయంలో రెండేళ్ల కాగ్నిటివ్ న్యూరోసైన్స్ (ఆలోచన, జ్ఞాపకం, భాష వంటివి మెదడులో ఎలా జరుగుతాయో చదివే శాస్త్రం) ఎమ్మెస్సీలో చేరాను. క్లాసులో చాలామంది సైకాలజీ చదివి వచ్చినవారే. మొదటి పరీక్షలో పదికి ఏడు మాత్రమే వచ్చింది. థీసిస్‌కు ల్యాబును ఎలా ఎంచుకోవాలో, ఈలోగా చిన్న ఉద్యోగం చేయవచ్చో లేదో పెద్దలు చెప్పగలరని కోరుతున్నాను.

జవాబు (కావలి, ప్రస్తుతం ఐండ్‌హోవెన్)

చెల్లెమ్మా, ఇక్కడ పదికి ఐదున్నర దాటితే ఉత్తీర్ణత, ఎనిమిది వస్తే చాలా మంచి మార్కు, తొమ్మిది అరుదు. కనుక ఇంటర్‌లో 1000కి 980 తెచ్చుకున్న కొలతతో ఆ ఏడును కొలిచి ఇంటికి ఫోను చేసి దిగులుపడవద్దు. నువ్వు లెక్క పెట్టుకోవలసింది క్రెడిట్లను. ఏడాదికి 60 క్రెడిట్లలో కనీసం సగం సాధించని ఐరోపాయేతర విద్యార్థి సంగతి విశ్వవిద్యాలయం వలస శాఖకు తెలియజేస్తుంది, తగిన కారణం లేకపోతే నివాస అనుమతికే ముప్పు వస్తుంది.

ఈసీఈ చదివినందుకు వెనకబడతాననుకోవడం సరి కాదు. మెదడు విద్యుత్ సంకేతాలను నమోదు చేసే ఈఈజీలో తలపై అమర్చిన ఎలక్ట్రోడ్లు పట్టేది మైక్రోవోల్టుల సంకేతం, అందులో కంటిరెప్పల కదలిక, దవడ కండరాల బిగింపు, 50 హెర్ట్జుల కరెంటు రొద కలగలిసి ఉంటాయి, వాటిని విడదీయడానికి కావలసిన ఫిల్టర్లు, శాంప్లింగ్, ఫూరియర్ ట్రాన్స్‌ఫార్మ్ నీకు బీటెక్‌లోనే వచ్చు. మెదడు పనిచేసే తీరును స్కానర్‌తో చూసే ఎఫ్ఎమ్ఆర్ఐ సంగతి వేరు. అది నాడీకణాల పనిని నేరుగా చూడదు, రక్తంలోని ఆక్సిజన్ మార్పును బట్టి ఊహిస్తుంది, ఆ మార్పు పతాక స్థాయికి చేరడానికి ఐదారు సెకన్లు పడుతుంది. ఎప్పుడు జరిగిందన్న ప్రశ్నకు ఈఈజీ, ఎక్కడ జరిగిందన్న ప్రశ్నకు ఎఫ్ఎమ్ఆర్ఐ మెరుగని స్థూలంగా చెప్పుకోవచ్చు.

నీకు లోటు ఉంటే అది ప్రయోగ రూపకల్పనలోనూ, గణాంకాలలోనూ ఉంటుంది. 2009లో కొందరు పరిశోధకులు చచ్చిన సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి, దానికి మనుషుల ఫోటోలు చూపించారు. మెదడులోని వేల బిందువులను ఒకేసారి పరీక్షించినప్పుడు, కాకతాళీయంగా వచ్చే తప్పుడు ఫలితాలను తగ్గించడానికి చేయవలసిన దిద్దుబాటు చేయకుండా లెక్కిస్తే ఆ చేప మెదడులోనూ చురుకుదనం కనిపించింది. సైకాలజీ నుంచి వచ్చిన నీ స్నేహితులకు ఈ దిద్దుబాట్లు ముందే తెలిసి ఉంటాయి, వారికి కోడ్ రాయడం రాకపోవచ్చు. వారితో కలిసి చదువుకో.

ల్యాబు విషయంలో నా అభిప్రాయం గట్టిది. పేరున్న ప్రొఫెసరును చూసి చేరవద్దు, రోజూ నీ పక్కన కూర్చునే గైడు ఎవరో చూసి చేరు. చాలాచోట్ల ఆ గైడు పీహెచ్‌డీ విద్యార్థే అయి ఉంటారు. అంశం ఎంత ఆకర్షణీయంగా ఉన్నా, డేటా ఇప్పటికే సేకరించి ఉందా, లేకపోతే స్కానర్ గంటలు కేటాయించారా, నైతిక సమితి అనుమతి వచ్చిందా అని ముందే అడుగు. ఇవి సిద్ధంగా లేకపోతే నీ థీసిస్ నెలలు వాటి కోసం ఎదురుచూడటంలోనే గడిచిపోతాయి. ఈఈజీ డేటా విశ్లేషణకు వాడే ఫీల్డ్‌ట్రిప్ అనే సాఫ్ట్‌వేర్ మీ విశ్వవిద్యాలయంలోని మెదడు పరిశోధన కేంద్రమైన డోండర్స్ సంస్థలోనే తయారైంది, కాబట్టి చలికాలం సెలవుల్లోపే దాన్ని నేర్చుకుని, ఆ నైపుణ్యంతో ల్యాబులకు ఉత్తరం రాస్తే జవాబు వచ్చే అవకాశం ఎక్కువ.

ఈఈజీ ప్రయోగాలలో నువ్వే కూర్చోవలసి వస్తే ఆ రోజు తలకు నూనె రాయవద్దు. మనవాళ్ల జుట్టు, కొబ్బరినూనె కలిస్తే ఎలక్ట్రోడ్ సరిగా అంటుకోక, ఆ ఎలక్ట్రోడ్ల టోపీ పెట్టే పిల్లలు తల పట్టుకుంటారు.

జవాబు (ఒంగోలు, ప్రస్తుతం లండన్)

అమ్మాయీ, పై అన్నగారి మాటలతో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, అంశాన్ని అంత తేలిగ్గా తీసేయవద్దు. మీ నైమేగెన్‌లోనే మాక్స్ ప్లాంక్ భాషా మనస్తత్వ సంస్థ కూడా ఉంది. హైదరాబాదులోని నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్షీణించే జబ్బు) రోగుల వివరాలతో 2013లో వెలువడిన అధ్యయనంలో, ఒకే భాష వచ్చినవారికంటే రెండు భాషలు వచ్చినవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని తేలింది, చదువుకోనివారిలోనూ ఆ తేడా కనిపించింది. నెల్లూరు దక్షిణాన తెలుగు, తమిళం రెండూ మాట్లాడే ఇళ్లను ఎరిగిన మనకు, ఈ ప్రశ్న పుస్తకంలో చదివి తెలుసుకున్నది కాదు. తెలుగు చదివే, వినే మెదడు గురించి అడగదలిస్తే ఆ మాట గైడుతో ఇప్పుడే చెప్పు.

ఇంటి నుంచి వచ్చే ఒత్తిడికీ సిద్ధంగా ఉండు. మీ బాబాయిలకు ఇది మెదడు డాక్టరు చదువుగానే వినిపిస్తుంది, నెల్లూరులో తీయించిన స్కాన్ ఫోటోలు వాట్సాప్‌లో పంపి చూసి చెప్పమంటారు. చెప్పవద్దు, వాళ్లను న్యూరాలజిస్టు దగ్గరికే పంపు. ఇండియాలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయడానికి కావలసిన రీహాబిలిటేషన్ కౌన్సిల్ నమోదు కూడా ఈ పట్టాతో రాదని మీ నాన్నగారికి ముందే వివరించు.

మళ్లీ కావలి నుంచి

ఉద్యోగం మాట మరిచాను. వారానికి 16 గంటలు, లేదా జూన్, జూలై, ఆగస్టు నెలల్లో పూర్తికాలం పనిచేయవచ్చు, అందుకు యజమాని నీ పేర అనుమతి తీసుకోవాలి. జీతం మొదలైతే డచ్ ప్రాథమిక ఆరోగ్య బీమా తప్పనిసరి అవుతుంది, నెలకు వందకు పైగా యూరోలు దానికే పోతాయి, కాబట్టి ఆదాయం తక్కువవారికి ప్రభుత్వం ఇచ్చే బీమా భత్యానికి వెంటనే దరఖాస్తు పెట్టు. రెస్టారెంటు పనికంటే ల్యాబులో విద్యార్థి సహాయకురాలి పని దొరికితే అదే తీసుకో, గంటలు తక్కువైనా సరే.