పరిహారం నుంచి శిక్షకు: పాత ఇంగ్లండ్‌లో న్యాయం మెరుగుపడిందా?

పాతచరిత్ర: క్రీ.శ. 600 ప్రాంతంలో ఇంగ్లండ్‌లోని కెంట్ అనే చిన్న రాజ్యానికి రాజైన ఎథెల్‌బెర్ట్ రాయించిన చట్టం చదువుతున్నాను. చెవి తెగ్గొడితే 12 షిల్లింగుల (అప్పటి డబ్బు) పరిహారం, చేతి బొటనవేలు పోతే 20, కన్ను పోతే 50. మనిషిని చంపితే సమాధి పూడ్చకముందే 20 షిల్లింగులు ఇవ్వాలి, మిగతాది 40 రోజుల్లో. నష్టపోయిన ఇంటికి ఏదో ఒకటి దక్కేది. 930ల నాటికి ఎథెల్‌స్టన్ రాజు దొంగలకు మరణశిక్ష వేయిస్తున్నాడు. దీన్ని ప్రగతి అని ఎలా అంటాం? బాధితుణ్ణి పక్కకు నెట్టి రాజు ముందుకొచ్చాడు, అంతే.

ప్లీడర్: ఒప్పుకోనండి. ఆ పరిహారం పద్ధతి, వెనక బంధుబలగం ఉన్నవాడికే పనికొచ్చేది. వెసెక్స్ అనే మరో రాజ్యంలో మామూలు రైతు ప్రాణం వెల 200 షిల్లింగులు, థేన్ అనే పెద్దమనిషిది 1200. నష్టపోయిన ఇంటికి దక్కేది అన్నారు. అదే ఎథెల్‌బెర్ట్ చట్టంలో బానిస స్త్రీ జోలికి ఎవడైనా వెళ్తే సొమ్ము ఆమె యజమానికి పోయేది. ఆమెకు దక్కిందేమిటి? హత్యకు ప్రతీకారంగా హంతకుడి బంధువులనూ చంపే పగల సంగతీ చూడండి. ఎథెల్‌స్టన్ తర్వాత వచ్చిన ఎడ్మండ్ రాజు 940ల్లో, హంతకుడి పగ హంతకుడే మోయాలన్నాడు. బంధువులు వాణ్ణి వదిలేసుకుంటే వాళ్ల జోలికి పోకూడదు. పరిహారం కట్టడానికి 12 నెలల గడువు. ఏ పాపం ఎరగని తమ్ముళ్ల ప్రాణాలు దక్కాయి కదా, అది చిన్న విషయమా?

కెంట్‌అభిమాని: ఒక్క మాట. రాజు తర్వాతెప్పుడో వచ్చాడనుకోవద్దు. స్వతంత్రుణ్ణి చంపితే రాజుకు 50 షిల్లింగులు కట్టాలని ఎథెల్‌బెర్ట్ చట్టంలోనే ఉంది.

పాతచరిత్ర: ఆ 50 సంగతి నిజమే. ఎడ్మండ్ చేసింది మంచి పనే, కాదనను. కానీ ప్లీడర్ గారూ, ఎథెల్‌స్టన్ మొదట 12 ఏళ్లు దాటిన పిల్లవాడు 8 పెన్నీల కంటే ఎక్కువ విలువైంది దొంగిలించి దొరికినా చంపమన్నాడు. తర్వాత అంత చిన్నవాళ్లను చంపడం క్రూరమని తనకే అనిపించి, వయసు 15కు, విలువ 12 పెన్నీలకు పెంచాడు. ఇక బలగం లేనివాడి సంగతంటారా? నిర్దోషినని ప్రమాణం చేస్తే చాలదు, వాడి తరఫున ఒట్టేసేవాళ్లు కావాలి. వాళ్లు దొరక్కపోతే ఎర్రగా కాల్చిన ఇనుము పట్టుకుని తొమ్మిది అడుగులు నడవాలి. మూడు రోజులకు కట్టు విప్పినప్పుడు చెయ్యి చీము పట్టి ఉంటే దోషి. రాజుల చట్టాలు ఈ పద్ధతిని తీసెయ్యలేదు, ఇంకా పక్కాగా రాసిపెట్టాయి. దిక్కులేనివాడికి రాజు వల్ల ఒరిగిందేమిటో మీరే చెప్పండి.